గాజు గొట్టంలో గాజులు

కూర్చోలేనివాడి పని

ఈ పనిలోకి వచ్చే పిల్లలకి ముందుగా ఒక మాట. ఇది చూసే పని. నిలువుగా బిగించిన సన్నటి గాజు గొట్టంలో ద్రవం పోస్తావు. పై గీత దాటగానే స్టాప్‌వాచ్ నొక్కుతావు, కింది గీత దాటగానే ఆపుతావు. గొట్టం కడుగుతావు, ఆరబెడతావు, మళ్లీ పోస్తావు. తొందరగా జారితే పలచన, ఆలస్యంగా జారితే చిక్కన. ఆ చిక్కదనమే లోపలున్న అణువుల సంగతి బయటపెడుతుంది. ఉద్యోగం పొడుగునా నేను చేసింది ఇదే. ప్రమోషన్ల గురించి నన్ను అడగొద్దు. అవి నిద్రపోయేవాడికీ వస్తాయి.

చిక్కేమిటంటే నేను కుదురుగా కూర్చునే మనిషిని కాను. అంతకుముందు పోర్టులో కళాసీగా చేశాను. అక్కడ ఓడ ఆగితే మనిషి పరుగెత్తాలి. ఇక్కడ మనిషి ఆగితే ద్రవం నడుస్తుంది. మొదట్లో నాకు అరికాళ్లు దురద పెట్టేవి. స్టూలు ఇచ్చారు, దాన్ని గోడవార పెట్టేసి నిలబడే చూసేవాణ్ణి. ఇప్పటికీ నాకు కుర్చీ పడదు. ఇది కూడా అటూ ఇటూ తిరుగుతూ, తోచినప్పుడల్లా వంగి రాస్తున్నదే.

అక్షరాలు నాకు మీసాలొచ్చాక వచ్చాయి. యూనియన్ ఆఫీసు వెనక గదిలో పలక పట్టుకుని కూర్చుంటే, మా ఆవిడ అన్న నూకరాజు కిటికీలోంచి తొంగిచూసేవాడు.

"ఏటి బావా, సదివేత్తన్నావా? మరి రేపట్నుంచి నీసేత మూటెత్తించాలంటే దరకాస్తు ఎట్టాలేటి?"

"నువ్వు ఎట్టలేవులే. రాయడం రాదు కదా."

"నాకెందుకు బావా? నువ్వున్నావు కదా రాసీడానికి!"

ఓడలో వచ్చిన పరికరాల పెట్టెలు ఊళ్లోని ఒక ప్రయోగశాలకి చేర్చే ముఠాలో ఒకసారి నేనున్నాను. దించాక మిగతావాళ్లు టీకి పోయారు. నేను పెట్టెలు విప్పుతుంటే చూస్తూ నిలబడిపోయాను. అక్కడి ప్రొఫెసరు గారు, అందరూ మాస్టారు అనేవారు, నా వంక చూసి, "ఏమయ్యా, ఉంటావా ఇక్కడ?" అన్నారు. ఉండిపోయాను. డెబ్బైల మొదట్లో సంగతి. కొన్నాళ్లకి నూకరాజు కూడా నాలుగక్షరాలు నేర్చుకుని అక్కడి స్టోరులో చేరాడు. సీసాలు కడగడం, నింపడం, దాచడం వాడి పని.

మాస్టారి గురించి ఉన్నమాట చెబుతాను. బుర్ర ఉన్న మనిషి. ఓపిక లేని మనిషి. కాలు కాలిన పిల్లిలా గది గదికీ తిరిగేవారు. లెక్క కుదిరితే ఆకాశానికి ఎత్తేసేవారు, కుదరకపోతే ఎదుటివాడి చెయ్యి మంచిది కాదనేవారు. తొందరపాటు నాలోనూ ఉంది కాబట్టి నాకు ఆయనంటే ఇష్టమే. కానీ కింద పనిచేసే వాళ్లని ఆ తొందర ఎంత నలిపేస్తుందో కూడా చూశాను.

పంపులో తెగిన తాళ్లు

ప్లాస్టిక్కు, రబ్బరు, వలలు అల్లే నైలాను, వీటన్నిటి లోపలికి చూడగలిగితే పొడుగాటి దారాల్లాంటి అణువులు కనిపిస్తాయని మాస్టారు నాకు మొదటి రోజే చెప్పారు. దారం అంటే నాకు బలంగా అనిపించలేదు. నేను తాళ్లు అనేవాణ్ణి. నిలకడ నీళ్లలో తాడు ఉండచుట్టుకుని పడి ఉంటుంది. నీళ్లు పారితే సాగుతుంది, మెలిక తిరుగుతుంది, పల్టీ కొడుతుంది. ఆ పల్టీల్లో నీటి సుడుల్ని కొంత అణిచేస్తుంది. అందుకే ఇలాంటి తాళ్లుండే ఒక రకం పొడి చిటికెడు కలిపితే అదే పంపు, అదే గొట్టం, నీళ్లు మాత్రం సుళువుగా పోతాయి.

ఎనభైల్లో ఊరికి ఆ పక్కన ఉక్కు ఫ్యాక్టరీ కట్టడం సాగుతుంటే పంపుల కంపెనీలు చాలా దిగాయి. అందులో ఒక కంపెనీవాళ్లు ఈ పొడి గురించి విని మా దగ్గరికి వచ్చారు. గాజు గొట్టంలో చూసి, లెక్క కట్టి, మాస్టారు భరోసా ఇచ్చేశారు. తీరా వాళ్ల షెడ్డులో పంపు వేస్తే, మొదట నీటిధార గోడ దాటి పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. అవే నీళ్లు పంపులో తిరుగుతున్నకొద్దీ ధార వెనక్కి వెనక్కి వచ్చింది. చివరికి మామూలు నీళ్లే.

వాళ్ల ఇంజనీరు నవ్వు ఆపుకోలేక, "మాస్టారూ, మీ పొడికి మా పంపంటే భయమేసినట్టుందండీ," అన్నాడు.

జీపులో తిరిగి బయల్దేరాం. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. గాజువాక దాటాక తనలో తాను అన్నారు: "తెగిపోతున్నాయి. పంపు రెక్కలు లాగిపారేస్తున్నాయి."

ఇది రాసి పెట్టుకోండి. మెల్లగా జారేదాన్ని చూసి, ఉరికేదాని గురించి మాట ఇవ్వకండి.

మర్నాడు ఆ సంగతి విన్న మనిషి లలితమ్మ. మాస్టారి దగ్గర పరిశోధన చేస్తోంది. ఆనందపురం పక్క పల్లెలో రైతుల అమ్మాయి. తగరపువలస బస్సులో వచ్చేది, ఆ బస్సు ఎప్పుడూ ఆలస్యమే, అందుకని మెట్లెక్కేటప్పుడే మాట్లాడ్డం మొదలుపెట్టేది. ఆ రోజు నా గొట్టం దగ్గరికొచ్చి చేతి గాజు తీసి చూపించింది.

"పోలన్నా, దీనికి కొస ఎక్కడ?"

"గాజుకి కొసేటమ్మా?"

"అదే. తాడుకి రెండు కొసలు. ప్రవాహం రెండు కొసలూ చెరో పక్కకీ లాగితే మధ్యలో తెగుతుంది. ఇది గుండ్రం. లాగినా తాడంత పొడుగు సాగదు. పైగా రెండు పేటలూ కలిసి బరువు మోస్తాయి. ఒక పేట వదిలినా అప్పటికి తాడుగానైనా మిగులుతుంది కదా."

స్టోరు గుమ్మంలోంచి నూకరాజు విన్నాడు. "గాజు గొట్టంలో గాజులేటి బావా? పేరంటమేటి మనకిక్కడ?"

ఆ రోజునుంచి మా గదిలో రెండే మాటలు. మామూలు అణువులు తాళ్లు. రెండు కొసలూ కలిపేసినవి గాజులు.

తన కొస తనే పట్టుకోవాలి

చెప్పినంత సుళువు కాదు చెయ్యడం. నీళ్లలో కరిగే రకంతో గాజులు చేసే దారి మాకు అప్పటికి తెలియదు. థర్మోకోల్ దేంతో చేస్తారో ఆ సరుకుతోనే లలితమ్మ మొదలుపెట్టింది. అది నీళ్లలో కరగదు. కిరసనాయిలుకన్నా ఘాటైన ద్రావకంలో కరుగుతుంది. ఆ వాసన బట్టలకి పట్టి ఇంటిదాకా వచ్చేది.

తాడు తన కొస తనే పట్టుకోవాలి. పక్కన ఇంకో తాడు ఉంటే దాని కొస పట్టుకుని ఇంకా పొడుగైపోతుంది. అందుకని ద్రావకం బోలెడంత పోసి, లోపల తాళ్లు ఒకదానికొకటి అందనంత పలచన చేసి, చుక్క చుక్కగా కలపాలి. గంగాళమంత కలిపితే చివరికి చెంచాడు తెల్లపొడి. అందులోనూ కొసలు కలవని తాళ్లు ఉంటాయి, వాటిని మళ్లీ మళ్లీ విడదియ్యాలి. రెండేళ్లు అదే పని. కరెంటు ఊగిసలాడితే ఒకటి పోయేది. తేమగాలి చొరబడితే ఇంకొకటి పోయేది.

ఇటు మాస్టారికి ఓపిక అయిపోతోంది. పంపుల కంపెనీ మళ్లీ వచ్చింది. తాళ్లు ఎంత తిప్పితే ఎంత తెగుతాయో కొలిచే మిషను తామే ఇస్తామంది. దానికి జాగా కావాలి. గదిలో జాగా అంటే లలితమ్మ బల్ల ఒక్కటే.

"బయటినుంచి పెద్ద ప్రొఫెసర్లు వస్తున్నారు మన పని చూడ్డానికి," అన్నారు మాస్టారు. "అప్పటికి నీ గాజులు తాళ్లకన్నా సుళువుగా జారుతున్నాయని చూపించు. చూపించలేకపోతే ఈ పని ఆపేద్దాం లలితా. బల్ల ఖాళీ చెయ్యి."

"ఆపేస్తే నేనేం చెయ్యాలి సార్?"

ఆయన పక్క గదిలోకి వెళ్లిపోయారు. జవాబు ఆమెకే తెలుసు. ద్వారకా నగర్లో ట్యుటోరియల్ కాలేజీలు అప్పుడే పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. ఇంటరు పిల్లలకి బట్టీ పట్టించడానికి మనిషి కావాలని ఆమెని అడుగుతూనే ఉన్నారు. ఇంట్లోవాళ్లు కూడా అందులో చేరమనే పోరు.

చిక్కగా పోస్తే మొండికేశాయి

పలచగా కలిపి పోస్తే గాజులు తాళ్లకన్నా కొంచెం ముందే కింది గీత దాటేవి. అది న్యాయమే. గాజు ముడుచుకుని ఉంటుంది, తక్కువ చోటు పడుతుంది. కానీ మాస్టారు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. "పొట్టి తాళ్లయినా అలాగే జారతాయి. చిక్కగా పోసి చూపించు. తాళ్లు చిక్కులు పడి ఆగాలి, గాజులు జారాలి. అప్పుడు నమ్ముతాను," అన్నారు.

చిక్కగా కలిపింది. ద్రావకం ఆవిరైపోకుండా గట్టి బిరడా ఉన్న గోధుమరంగు సీసాలో పోసి దాచమని నూకరాజుకి ఇచ్చింది. మూడోనాడు ఆ సీసా తెచ్చుకుని నేను గొట్టంలో పోశాను.

జారలేదు. జారలేదంటే, జారింది, కానీ తాళ్లకన్నా మందంగా. గాజులు తాళ్లకంటే మొండికెయ్యడం ఏమిటి? మళ్లీ పోశాను. అంతే.

నేను మొదట దుమ్ముని అనుమానించాను. పోర్టులో ఇనుప ఖనిజం ఎత్తేటప్పుడు గాలి ఇటు తిరిగిందంటే మా కిటికీల మీద ఎర్రటి పొర పడేది. ఆ రవ్వ ఒక్కటి సన్నగొట్టంలో ఇరుక్కుంటే చాలు. గొట్టం ఆమ్లంతో కడిగాను, ద్రవం వడగట్టాను. అదే ఆలస్యం. తర్వాత గొట్టం చుట్టూ ఉన్న నీళ్లతొట్టి వేడి చూశాం. సరిగ్గానే ఉంది. గొట్టమే మార్చాం. అదే.

"నీ చెయ్యి ఏమైనా..." అంది లలితమ్మ.

"నా చెయ్యేటమ్మా? తాళ్లు పోస్తే సరిగ్గా వస్తన్నాది కదా!" గట్టిగానే అన్నాను. ఆమె కూడా గట్టిగానే స్టాప్‌వాచ్ లాక్కుని తనే కొలిచింది. అదే వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మాస్టారు నిలబడే విన్నారు. "అవి గాజులు కావు," అన్నారు. "కొసలు కలవలేదు. ఒకదానికొకటి పట్టుకుని పొడుగు తాళ్లయ్యాయి. అందుకే మందం."

"మరి పలచగా పోస్తే ఎందుకు జారాయి సార్?"

"నువ్వు జారాలనుకున్నావు కాబట్టి."

అంత మాట అనకూడదు. పని చేసే మనిషిని తప్పు చేశావనవచ్చు, అబద్ధం చూశావనకూడదు. ఆ రోజు ఆయనతో ఈ మాట అనాలని నోటిదాకా వచ్చింది.

పెద్దలు రాకముందే మిషను వచ్చేసింది. వరండాలో గోనెపట్టాలు కప్పి ఉంచారు. దాన్ని లోపల పెట్టే కళాసీలు పొద్దున్నే వచ్చి మెట్లమీద బీడీలు కాలుస్తూ కూర్చున్నారు. లలితమ్మ బల్లమీద సామాను అట్టపెట్టెలో సర్దుతోంది. మాస్టారు గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతున్నారు. నేను ఊరికే గొట్టం తుడుస్తున్నాను.

నిండుకున్న సీసా

సీసాలు స్టోరులోకి పట్టుకుపోదామని నూకరాజు వచ్చాడు.

"అమ్మా, ఆ తాళ్ల జిగురు మల్లీ కలుపుతారేటి? రొండు సీసాల్లో ఒకటి నిండుకున్నాది. అందుకే మొన్న మీ గాజుల జిగురు అందులో పోసీసినాను."

మాస్టారు ఆగారు. ఆయన చదువు, పెంపకం మద్రాసులో. "నిండిన సీసాలో ఎలా పోశావయ్యా?" అన్నారు విసుగ్గా.

"నిండినాది కాదు బాబూ, నిండుకున్నాది."

లలితమ్మ చేతిలో పెట్టె అలాగే ఉండిపోయింది. "నూకరాజన్నా, అయిపోయిందా, నిండుకుందా?"

"అదేటమ్మా, పొద్దున్నే అలాటి మాట? నిండుకున్నాది."

మా ఇళ్లలో బియ్యం అయిపోయాయని ఎవరూ అనరు. నోట ఆ మాట వస్తే లక్ష్మి వెళ్లిపోతుంది. నిండుకున్నాయంటారు. కుండ అడుగంటా ఊడ్చరు, గుప్పెడు వదిలి దానిమీదే కొత్తవి పోస్తారు. లలితమ్మ వాళ్లమ్మా అంతే, నా తల్లీ అంతే.

"అడుగున ఎంత ఉంది?" పెట్టె కింద పెట్టి అడిగింది ఆమె.

"ఎంతో ఏటి? ఇలగ, రొండేళ్ల మందం ఒగ్గినాను." రెండు వేళ్లు అడ్డంగా పెట్టి చూపించాడు. "అడుగంటా ఊడ్సీడానికి మనమేటన్నా దరిద్రులమా?"

"కడగలేదా?"

"ఎందుకు కడుగుతానమ్మా? అదే సరుకు, అదే పేరు. ద్రావకం దండగ సెయ్యొద్దని మాస్టారే కదా సెప్పినారు? పాత బియ్యం మీద కొత్త బియ్యం పోసినట్టు పోసినాను."

మాస్టారు పేలారు. "రెండేళ్ల పని! రెండేళ్ల మందంలో ముంచావు కదయ్యా!"

నూకరాజుకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం నల్లబడిపోయింది. లలితమ్మ కేకలెయ్యలేదు. "పోలన్నా, ఇతన్ని కాసేపు నా ఎదుట లేకుండా చెయ్యి," అంది. వరండాలోకి తీసుకుపోయాను.

"బావా, నాను కావాలని సేసినానేటి?"

"నోర్ముయ్."

"నీ సెల్లెలితో సెప్పకు బావా."

"నా సెల్లెలేటిరా, నీ సెల్లెలు!"

ఆ కంగారులో వాడు వరసలు కూడా మరిచిపోయాడు. నాకు నవ్వొచ్చింది, వాడికి ఏడుపొచ్చింది.

అప్పుడేమనుకున్నానో ఇప్పుడూ అదే అనుకుంటాను. తప్పు వాడొక్కడిది కాదు. తాడుకీ గాజుకీ సీసామీద ఒకే పేరు రాసినవాళ్లు చదువుకున్నవాళ్లే. ఇల్లు నేర్పింది మనిషి పనిలోకి తీసుకొస్తాడు. అది దులుపుకుని రమ్మంటే రాడు, ఏది ఎందుకో చెప్పాలి.

మిగిలిన పొడి

లోపలికి వచ్చేసరికి లలితమ్మ సర్దిన పెట్టె విప్పి ఒక చిన్న బుడ్డి తీసింది. సీసా మొహం చూడని గాజుల పొడి, వచ్చే పెద్దలకి చూపించడానికి దాచుకున్నది. ఉన్నది అదే. చిక్కగా కలిపితే ఒక్క కొలతకి సరిపోతుంది. జారకపోతే ఇంక చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

"ఉంచుకోవచ్చు కదమ్మా," అన్నాను. "పెద్దలు వచ్చాక పలచగా పోసి చూపించు. అంత కొంచెమైనా ఉంటాది చేతిలో."

"దాచుకుని ఏం చెయ్యను పోలన్నా? నాకే తెలియాలి కదా ముందు."

చిక్కగా కలిపింది. కొత్త బుడ్డిలోనే, తన చేత్తోనే. కరగడానికి సాయంత్రం దాకా పట్టింది. కళాసీలు మెట్లు దిగి టీ తాగొచ్చి, మళ్లీ కూర్చున్నారు. మాస్టారు ఎక్కడికీ వెళ్లలేదు. లలితమ్మ గొట్టం వైపు వీపు పెట్టి కిటికీలోంచి యారాడ కొండ చూస్తోంది. నేను పోశాను. నొక్కాను.

అప్పటికి నా చూపు ఎన్ని ద్రవాలు దిగడం చూసి ఉంటుందో లెక్కలేదు. పై గీత దాటిన తీరులోనే నాకు తెలిసిపోయింది. జిగురు జిగురులా లేదు. చిక్కటిదే, కానీ ఎక్కడా తట్టుకోకుండా, పట్టుకోకుండా, గబగబా దిగిపోతోంది. కింది గీత. ఆపాను. తాళ్లు పట్టే వేళలో సగం కూడా పట్టలేదు.

"అమ్మా," అన్నాను. చేతిలోని గడియారం ఆమెకేసి చాపాను.

మాస్టారు నా చేతిలోంచి స్టాప్‌వాచ్ తీసుకున్నారు. అదే ద్రవం పైకి లాగి తనే కొలిచారు. మళ్లీ కొలిచారు. తప్పయిందని ఆయన అనలేదు. అనే మనిషి కాదు. స్టాప్‌వాచ్ నాకిచ్చేసి వేరే మాట అన్నారు.

"అంత కొంచెం తాడు, ఇంత గాజుల్ని ఎలా ఆపింది?"

లలితమ్మ ఇటు తిరిగింది. "మలారం చూశారా సార్ మీరు? గాజులమ్మే ఆవిడ భుజాన వేసుకొస్తుంది. విడిగాజులైతే జారి చెల్లాచెదురు అవుతాయి. ఒక్క తాడు వాటి నడుమనుంచి దూరిస్తే అన్నీ ఒకే గుత్తి, ఏదీ కదలదు. మన తాళ్లు కూడా అలాగే దూరి ఉంటాయి. తాడు ఒంటరిగా ఉంటే అంత ఆపలేదు, గాజులు ఒంటరిగా ఉంటే అసలు ఆగవు. రెండూ కలిస్తేనే ఈ మొండితనం."

మాస్టారు నడక ఆపారు. నేను చూసిన అన్నేళ్లలో ఆయన ఒకరిని అడగడం అదే మొదటిసారి. "ఏం చేద్దామంటావు?"

"కలుపుదాం సార్. ఈసారి కావాలని. ఇదే ద్రవంలో కొద్దిగా, తర్వాత ఇంకొద్దిగా. ఎక్కడ ఆగుతాయో చూడాలి."

"ఉన్న మంచి గాజులు ఇవే కదా? పాడవుతాయి."

"మళ్లీ చేస్తాను. చేతనవునని తెలిసింది కదా."

కళాసీల మేస్త్రీ గుమ్మంలోకి తలపెట్టాడు. "బాబూ, పొద్దోతన్నాది. మిసను లోపలెట్టమంతారా, ఒద్దంతారా?"

"వేరే గది చూస్తాం. ఈ బల్ల ఖాళీ లేదు," అన్నారు మాస్టారు, అటు తిరక్కుండానే.

లలితమ్మ గుమ్మం దాకా వెళ్లింది. వరండా చివర స్తంభానికి ఆనుకుని నూకరాజు నిలబడి ఉన్నాడు.

"రా అన్నా. రెండో సీసాలో తాళ్ల జిగురు తీసుకునిరా."

"నాను ముట్టనమ్మా. సచ్చినా ముట్టను."

"ముట్టు. ఎంత పోస్తున్నావో పైకి చెప్పి పొయ్యి. అంతే."

వాడు నా వంక చూశాడు. నేను తల ఊపాను. వచ్చి, గొట్టంలా ఉన్న చిన్న కొలపాత్రతో ఎత్తి, "ఒక సుక్క," అని అరిచాడు, రేవులో మూటలు లెక్కపెట్టినట్టు. "రొండు!"

కలిపి పోశాను. నొక్కాను. ఇందాక గబగబా దిగిపోయిన ద్రవం ఇప్పుడు పై గీత కింద దిగనంటూ నీలిగింది. లోపల ఏదో దేన్నో పట్టుకుంటోంది. మాస్టారు ఒక పక్క, లలితమ్మ ఒక పక్క, నా భుజం మీదనుంచి నూకరాజు. గదిలో స్టూళ్లు ఉన్నాయి. ఎవరూ కూర్చోలేదు.